స్లైడు వెబ్ పుట అయిన కథ

చీకటి గదిలో ఒక దీపం, దాని ముందు రంగులు వేసిన గాజు పలక, ఆపైన ఒక కటకం, ఎదురుగా తెల్లని గోడ. ఈ పాటి సరంజామాతో చిన్న బొమ్మను గోడమీద పెద్దదిగా చూపవచ్చునని 17వ శతాబ్దంలోనే తెలిసిపోయింది. శనిగ్రహం చుట్టూ ఉన్న వలయాన్ని వివరించిన డచ్చి శాస్త్రజ్ఞుడు క్రిస్టియాన్ హైగెన్స్, 1659లో ఇట్టి దీపం కోసమై గీసిన అస్థిపంజరపు బొమ్మలు ఈనాటికీ భద్రంగా ఉన్నాయి. అంతటి శాస్త్రజ్ఞుడు తొలుత గీసింది అస్థిపంజరాన్నా అని ఆశ్చర్యం కలగవచ్చు గాని, వినోదం కోసం పుట్టిన సాధనం తర్వాత విద్యకు పనికిరావడం విజ్ఞానచరిత్రలో కొత్త కాదు. ఆ దీపానికే మేజిక్ లాంతరు అని పేరు వచ్చింది. లాంతరులోకి పక్కనుంచి జరిపే గాజు పలక గనుక దానిని స్లైడు అన్నారు. గాజు పోయి ఎంతో కాలమైనా మాట మాత్రం మిగిలింది.

లాంతరు కాలంలో స్లైడు ఎన్నడూ ఒంటరిగా ఉండేది కాదు. దాని పక్కన ఉపన్యాసకుడు నిలబడి, "ఇదిగో, ఇక్కడ చూడండి" అంటూ చేతికర్రతో చూపి, కథంతా నోటితో చెప్పేవాడు. బొమ్మ సాక్ష్యం మాత్రమే; పాఠం ఆయన మాటలో ఉండేది. ఆ సభలో చూపులేని శ్రోత ఎవరైనా కూర్చుని ఉంటే, ఉపన్యాసకుడు నేర్పరి అయితే, ఆయనకు చాలా భాగం అందే ఉంటుంది. స్లైడు ఉపన్యాసకుణ్ణి విడిచి తానొక్కటే ప్రయాణం మొదలుపెట్టిన తర్వాతనే అసలు చిక్కు వచ్చింది.

20వ శతాబ్దంలో గాజుకు బదులు ఫిల్ము, ఆ తర్వాత పారదర్శకమైన ప్లాస్టిక్ పలకలు వచ్చాయి. కంప్యూటరు ఈ రంగంలోకి రావడం 1980 దశకంలో జరిగింది. అమెరికాలో ఫోర్‌థాట్ అనే చిన్న కంపెనీలో రాబర్ట్ గాస్కిన్స్, డెనిస్ ఆస్టిన్ అనేవారు ఒక ప్రోగ్రాము తయారుచేశారు. దానికి మొదట అనుకున్న పేరు ప్రెజెంటర్. బయటికి వచ్చిన పేరు పవర్‌పాయింట్. 1987 ఏప్రిల్‌లో మాకింటాష్ కంప్యూటరు కోసం అది విడుదల అయింది. ఆనాడు దానికి తెలిసినవి నలుపు తెలుపులే. పని, ప్లాస్టిక్ పలకలమీద వేయవలసిన పుటలను చక్కగా అచ్చొత్తి ఇవ్వడం. అదే సంవత్సరం మైక్రోసాఫ్ట్ సంస్థ ఆ కంపెనీని 1 కోటి 40 లక్షల డాలర్లకు కొన్నది.

పలక కాస్తా కంప్యూటరు ఫైలు అయ్యేసరికి, దానిని మరొకరికి పంపడం సులభమైంది. ఉపన్యాసకుడు రాకపోయినా స్లైడు వస్తుంది. విన్నవారికి జ్ఞాపిక కావలసినది విననివారికి గ్రంథమై కూర్చున్నది. ఇది ఎంతటి ప్రమాదమో తెలియడానికి ఒక్క ఉదాహరణ చాలు. 2003 జనవరి 16న కొలంబియా వ్యోమనౌక బయలుదేరిన 82 సెకండ్లకు ఇంధనపు తొట్టి నుంచి ఊడిన నురుగు ముక్క ఒకటి ఎడమ రెక్కకు తగిలింది. ప్రమాదం ఉన్నదా అని పరిశీలించిన ఇంజనీర్లు తమ అభిప్రాయాన్ని స్లైడులలో పెట్టి అధికారులకు చూపించారు. అంతకు ముందు పరీక్షించిన ముక్క పరిమాణం 3 ఘనపుటంగుళాలు; తగిలిన ముక్కకు వేసిన అంచనా 1920 ఘనపుటంగుళాలు. అంటే 640 రెట్లు! ఈ సంగతి స్లైడులో అట్టడుగున, చిన్న అక్షరాలలో, చుక్కల కింద చుక్కలుగా పేర్చిన వాక్యాలలో ఉండిపోయింది. ఫిబ్రవరి 1న కల్పనా చావ్లాతో సహా ఏడుగురూ మరణించారు. ఆ సంవత్సరమే వచ్చిన విచారణ సంఘం నివేదిక, సాంకేతిక పత్రాలకు బదులు స్లైడులు వాడే అలవాటును గట్టిగా విమర్శించింది. నేరమంతా స్లైడుదే అనడం న్యాయం కాదు. అయినా, చెప్పే మనిషి లేనప్పుడు స్లైడు కళ్లున్నవారికి కూడా సరిగా చెప్పలేదన్నది మాత్రం నిజం. ఇక చూపులేనివారి మాట చెప్పాలా?

ఇక వెబ్ సంగతికి వద్దాం. జెనీవా వద్దనున్న సెర్న్ పరిశోధనాలయంలో టిమ్ బర్నర్స్-లీ 1989లో ప్రతిపాదించి, 1991లో లోకానికి అందించిన వెబ్ పుట, స్లైడుకు స్వభావంలోనే భిన్నమైనది. స్లైడులో ఏ వస్తువు ఎక్కడ ఉండాలన్నది ముఖ్యం. వెబ్ పుటలో ఏది ఏమిటన్నది ముఖ్యం. "ఇది శీర్షిక, ఇది పేరా, ఇది జాబితా" అని రాసినవారు గుర్తులు పెడతారు. దానిని ఎట్లా చూపాలో చదివే యంత్రం నిర్ణయించుకుంటుంది. 1991లోనే నికోలా పెలో అనే విద్యార్థిని రాసిన ప్రోగ్రాము వెబ్ పుటలను బొమ్మలు లేకుండా, కేవలం అక్షరాలలో ఏ కంప్యూటరు మీదనైనా చూపేది. అక్షరాలలో చూపగలిగినది చెవికి వినిపించడం కూడా సాధ్యమే. అప్పటికే, 1986లో, ఐ.బి.ఎం. కంపెనీలో జిమ్ థాచర్ తెరమీది అక్షరాలను చదివి వినిపించే ప్రోగ్రామును తయారుచేసి ఉన్నాడు. ఇట్టివాటిని స్క్రీన్ రీడర్లు అంటారు. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే చూపులేని యువకుడు 2006లో మొదలుపెట్టిన ఎన్.వి.డి.ఏ. ఉచితంగా దొరుకుతుంది, మన పాఠశాలలకు అన్నిటికంటె ఉపయోగపడేది ఇదే.

ఈ రెండు దారులూ కలిసిన చోట దురదృష్టవశాత్తు తప్పుడు పద్ధతి ఒకటి పాదుకొన్నది. 1993లో మొజాయిక్ అనే బ్రౌజరు పుటల మధ్య బొమ్మలు చూపించసాగింది. దశాబ్దం చివరికి వచ్చేసరికి, స్లైడులను వెబ్‌కు ఎక్కించడమంటే ఒక్కొక్క స్లైడునూ ఒక్కొక్క బొమ్మగా మార్చి, కింద ముందుకు, వెనుకకు అని రెండు బొత్తాలు పెట్టడమే అనుకున్నారు. చూడటానికి స్లైడు ఉన్నదున్నట్టు ఉంటుంది. కాని బొమ్మలోని అక్షరం యంత్రానికి అక్షరం కాదు, మరక. స్క్రీన్ రీడరు అక్కడికి వచ్చి "చిత్రం" అని ఊరుకుంటుంది. నలభై స్లైడుల పాఠానికి నలభై సార్లు "చిత్రం" అన్న మాట! ఛాయాచిత్రం తీసి అంటించిన పుటలన్నిటికీ, అవి ఏనాటివైనా సరే, గతి ఇదే.

దీనికి విరుగుడు లేకపోలేదు. బొమ్మకు బదులుగా చదవవలసిన మాటలను ఆ బొమ్మతోపాటే రాసిపెట్టే వీలు 1995 నాటి హెచ్.టి.ఎం.ఎల్. ప్రమాణంలోనే ఉన్నది, 1997లో అది తప్పనిసరి అయింది. 1999 మే 5న వెబ్ సంఘం ప్రకటించిన సౌలభ్య నియమాలలో మొట్టమొదటిది ఇదే: అక్షరం కాని ప్రతిదానికీ అక్షరాలలో సమానమైనది ఒకటి ఉండాలి.

నియమం ఉన్నంత మాత్రాన పని జరగదు గదా. స్లైడులను మార్చడానికి ఒక సాధనం కావలసి వచ్చింది. అది అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో తయారు కావడం యాదృచ్ఛికం కాదనిపిస్తుంది. రెండవ ప్రపంచయుద్ధం తర్వాత, 1948లో, టిమొతీ న్యూజెంట్ అనే ఆచార్యుడు వికలాంగ విద్యార్థుల కోసం ఆ విశ్వవిద్యాలయంలో ఒక కార్యక్రమం ఆరంభించాడు. చక్రాల కుర్చీలు ఎక్కడానికి మెట్ల పక్కన ఏటవాలు దారులు కట్టించడం అక్కడ అప్పుడే మొదలైంది. అదే విశ్వవిద్యాలయంలో 2000 తర్వాతి తొలి సంవత్సరాలలో, పవర్‌పాయింట్ ఫైలును వెబ్ పుటలుగా మార్చే ప్రోగ్రామును రూపొందించారు. దాని ప్రత్యేకత ఏమంటే, బొమ్మ ఎదురైనప్పుడు దానికి వివరణ ఇమ్మని స్లైడు తయారుచేసినవారినే అడగడం. యంత్రం తనంతట తాను చేయగల పనినీ, మనిషే చేయవలసిన పనినీ అది వేరుచేసింది. నా దృష్టిలో ఈ కథలో అన్నిటికంటె తెలివైన అడుగు ఇదే.

2004లో ఎరిక్ మేయర్, 2005లో డేవ్ రాగెట్ మరొక దారి తొక్కారు. మొదటినుంచీ వెబ్ పుటగానే రాసి, దానినే స్లైడులుగా చూపే పద్ధతి అది. రాగెట్ తయారుచేసిన స్లైడీలో ఒక మీట నొక్కితే స్లైడులన్నీ కలిసి ఒకే పొడవాటి పుట అవుతాయి. అప్పుడు మార్చే పనే ఉండదు. కాని ఉపాధ్యాయులలో ఎక్కువమంది చేతిలో ఉన్నది పవర్‌పాయింట్ ఫైలే గనుక ఆ సంగతే చూద్దాం.

గుండెను గురించిన స్లైడు ఒకటి ఊహించండి. పైన శీర్షిక, మధ్య బొమ్మ, నాలుగు గదుల పేర్లు, ఎర్ర నీలి బాణాలు. దీనిని స్క్రీన్ రీడరు ఎట్లా చదువుతుంది? పైనుంచి కిందికి కాదు. తయారుచేసినవారు వస్తువులను ఏ వరుసలో పెట్టారో ఆ వరుసలో. బాణాలు ముందు గీసి, శీర్షిక ఆఖరున రాసి ఉంటే, విద్యార్థికి వినిపించేది "బాణం, బాణం, ఎడమ జఠరిక, చిత్రం, గుండె పనిచేసే తీరు" అని. శీర్షికను దానికై కేటాయించిన పెట్టెలో కాక విడి పెట్టెలో పెద్ద అక్షరాలతో రాసి ఉంటే అది శీర్షికగా లెక్కకే రాదు. వెబ్ పుటలో శీర్షికలు సరిగా గుర్తించి ఉంటే, ఎన్.వి.డి.ఏ. వాడే విద్యార్థి ఒక్క మీటతో ఒక శీర్షిక నుంచి మరొక శీర్షికకు గెంతగలడు. మనం పుస్తకం పుటలు తిప్పినట్టే.

మరి బొమ్మకు బదులు ఏమి రాయాలి? "గుండె బొమ్మ" అంటే సరిపోదు. శరీరమంతా తిరిగి ఆమ్లజని తగ్గిన రక్తం కుడి కర్ణికలోకి, అక్కడినుంచి కుడి జఠరికలోకి వస్తుంది. కుడి జఠరిక దానిని ఊపిరితిత్తులకు పంపుతుంది. అక్కడ ఆమ్లజనిని పుచ్చుకొని ఎడమ కర్ణికకు తిరిగి వచ్చిన రక్తాన్ని ఎడమ జఠరిక శరీరమంతటికీ తోస్తుంది – ఇట్లా రాయాలి. నీలి బాణమంటే ఏమిటో మాటలలో చెప్పాలి. రంగులు పోల్చుకోలేని పిల్లలకు కూడా ఇది మేలు. పైగా బొమ్మలో గుండె కుడిభాగం మనకు ఎడమవైపున కనిపిస్తుంది. చూపున్న పిల్లలు పరీక్షలో తారుమారు చేసేది సరిగ్గా ఇక్కడే. పటం గీసి ఉంటే దాని కింద అంకెల పట్టిక పెట్టాలి. అలంకారానికి పెట్టిన పువ్వులకు వివరణ అక్కరలేదు; వాటిని యంత్రం దాటిపోయేటట్టు గుర్తు పెడితే చాలు. స్లైడు కింద ఉపాధ్యాయుడు తనకోసం రాసుకునే గమనికలు ఉంటే అవి బంగారం. పుటలో పేరాలు కావలసినవి అవే.

తెలుగు స్లైడులకు మరొక పీడ ఉన్నది. యూనికోడ్ తొలి ప్రమాణంలోనే, 1991లో, తెలుగుకు స్థానం దొరికింది. మన లిపికి 128 గదుల అర ఒకటి కేటాయించారు. కాని అచ్చుపనికి అలవాటైన పాత ఫాంట్లు చాలాకాలం వాడుకలో ఉండిపోయాయి. వాటిలో తలకట్టు, గుడి, వత్తు మొదలైన ముక్కలను రోమన్ అక్షరాల స్థానాలలో గీసిపెట్టారు. తెరమీద కంటికి తెలుగు. లోపల యంత్రానికి అర్థంలేని రోమన్ అక్షరాల కుప్ప. స్క్రీన్ రీడరు ఆ కుప్పనే చదువుతుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఎలక్ట్రానిక్ సమాచారం అందరికీ అందే రూపంలో ఉండాలన్నది గాని, ఇట్టి పాఠం వెబ్‌లో ఉన్నా లేనట్టే. అందుచేత పాత స్లైడును ముందు యూనికోడ్‌కు మార్చి, అక్షరం అక్షరం దిద్దుకోవాలి; వత్తులు, సంయుక్తాక్షరాలు మార్పిడిలో ఎక్కువగా చెడిపోతాయి. తర్వాత పుట మొదట్లో దాని భాష తెలుగు అని ప్రకటించాలి. లేకపోతే ఇంగ్లీషు గొంతు తెలుగును చదవబోయి తడబడుతుంది. మధ్యలో ఇంగ్లీషు వాక్యం వస్తే దానికి వేరుగా గుర్తు పెట్టాలి.

ఇంతా చేసిన మీదట ఎన్.వి.డి.ఏ. నడిపి, తెర ఆర్పివేసి, పుటను మొదటినుంచి చివరిదాకా ఒకసారి వినండి. ఏ వత్తు ఎగిరిపోయిందో, ఏ బాణం మూగగా ఉండిపోయిందో అప్పుడు తెలుస్తుంది.