విరమించని సమ్మె

1982 జనవరి 18న బొంబాయి బట్టల మిల్లుల్లో మొదలైన సమ్మెను ఇప్పటిదాకా ఎవరూ అధికారికంగా విరమించలేదు. సుమారు 2.5 లక్షల మంది కార్మికులు, 60కి దగ్గరగా మిల్లులు. ఏడాదిన్నర గడిచేసరికి ఆకలికి తాళలేక కొందరు పనిలోకి వెళ్ళారు. కొందరు కొంకణ్‌లోని ఊళ్ళకి తిరిగిపోయారు. చాలామందికి ఉద్యోగాలే లేకుండా పోయాయి.

సమ్మె చేస్తే మిల్లు మూతపడుతుందనే పాఠానికి ఈ కథనే ఉదాహరణగా చెబుతుంటారు. ఐటీ ఆఫీసుల్లో యూనియన్ మాటెత్తినా చివరికి చర్చ ఇక్కడికే వస్తుంది. వివరాలు చూస్తే నాకు ఆ పాఠం సగమే అనిపిస్తుంది.

మొదట, కార్మికుల తరఫున మాట్లాడేదెవరు అన్న సమస్య. బొంబాయి పారిశ్రామిక సంబంధాల చట్టం 1946లో వచ్చింది. దాని ప్రకారం 25 శాతం సభ్యత్వం చూపించి గుర్తింపు పొందిన యూనియన్‌కే బేరమాడే హక్కు. మిల్లుల్లో ఆ హోదా కాంగ్రెస్ వైపు ఉన్న రాష్ట్రీయ మిల్ మజ్దూర్ సంఘ్‌ది. 1981లో అది కుదిర్చిన బోనస్ ఒప్పందం నచ్చని కార్మికులు దత్తా సామంత్ దగ్గరికి వెళ్ళారు. ఆయన వృత్తిరీత్యా డాక్టరు, ఇంజనీరింగ్ ఫ్యాక్టరీల్లో గట్టి జీతాల పెంపు సాధించి పెట్టిన నాయకుడు. ఆయన పెట్టిన డిమాండ్లలో జీతాలతోపాటు ఈ చట్టం రద్దు కూడా ఉంది. బద్లీల్ని పర్మనెంట్ చెయ్యాలన్నది ఇంకోటి. బద్లీ అంటే రోజూ గేటు దగ్గరికొచ్చి, ఎవరైనా రాకపోతే ఆ పూటకి పనిచేసేవాడు. సింగరేణి కుటుంబాలకి 'బదిలీ వర్కర్' అంటే వేరే చెప్పక్కర్లేదు. బొంబాయి మిల్లుల్లో మగ్గాల మీద తెలంగాణ నుంచి వలసపోయిన పద్మశాలీలూ ఉండేవాళ్ళు. కాబట్టి ఇది మనకి పూర్తిగా పరాయి చరిత్ర కాదు.

రెండోది, సామంత్ అంచనా తప్పిన చోటు. సమ్మె అంటే పని ఆపడం. రేపు పొద్దున ఆ పని జరగకపోతే యజమానికి గడవదు అన్నప్పుడే దానికి బలం. ఇంజనీరింగ్ ఫ్యాక్టరీల్లో అది నిజం. బట్టల మిల్లుల సంగతి వేరు. చాలావాటిలో యంత్రాలు పాతబడిపోయాయి. భివండి మరమగ్గాల మీద గుడ్డ చౌకగా తయారవుతోంది. సమ్మె కాలంలో అక్కడ నేయించుకుని తమ ముద్ర వేసి అమ్ముకున్న మిల్లులూ ఉన్నాయి. పైగా మిల్లుల కింద నగరం నడిబొడ్డున సుమారు 600 ఎకరాల నేల ఉంది. సమ్మె మొదలుపెట్టేనాటికి యజమానులంతా నేల మీదే కన్నేశారని నేననను. కానీ మగ్గం ఆగినా వాళ్ళ చేతిలో ఆస్తి మిగిలింది, కార్మికుడి చేతిలో ఏమీ మిగల్లేదు.

1991 నిబంధనల ప్రకారం మిల్లు భూమిలో మూడో వంతు ఖాళీ స్థలాలకి, మూడో వంతు ప్రభుత్వ గృహనిర్మాణానికి పోవాలి. 2001లో సవరణ చేసి, కట్టడాల్లేని ఖాళీ జాగాకే ఆ లెక్క అన్నారు. 2006లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఇవాళ లోయర్ పరేల్‌లో ఫీనిక్స్ మిల్స్ ఒక మాల్, కమలా మిల్స్ ఆఫీసుల సముదాయం.

కార్మికులు కూడా ఈ సంగతి గ్రహించారు. తర్వాతి పోరాటం జీతం గురించి కాదు, మిల్లు నేల మీద ఇళ్ళ గురించి. ఆ ఒత్తిడి ఫలితంగానే 2012లో మిల్లు కార్మికులకి లాటరీలో ఇళ్ళు ఇచ్చారు. దరఖాస్తులతో పోలిస్తే చాలా కొద్ది ఇళ్ళు. అయినా సమ్మె సాధించలేనిది కొంత ఇలా దక్కింది.

ఇప్పుడు డెలివరీ కుర్రాళ్ళని చూడండి. వాళ్ళూ బద్లీలే. కాకపోతే బద్లీలు గేటు దగ్గర ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు. వీళ్ళ గేటు ఫోన్లో ఉంది. ఒకడు లాగౌట్ అయితే ఆర్డరు ఇంకొకడికి పోతుంది. 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ 51 శాతం సభ్యత్వమున్న యూనియన్‌కి ఏకైక బేరసారాల హోదా ఇస్తుంది, సమ్మెకి 14 రోజుల ముందు నోటీసు అడుగుతుంది. అదే ఏడాది వచ్చిన సామాజిక భద్రత కోడ్ మాత్రం గిగ్ వర్కర్లని యజమాని–ఉద్యోగి సంబంధానికి బయటివాళ్ళుగా నిర్వచించింది. యజమానే లేనప్పుడు బేరం ఎవరితో?

మిల్లు యజమానికి నేల ఎలాగో యాప్ కంపెనీకి ఆర్డర్లు పంచే కోడ్, రేటింగుల డేటా అలాగ. పని ఆపడంతోపాటు, ఆ లెక్క ఎలా వేస్తున్నారో చెప్పమని అడగడం కూడా ఇవాళ్టి యూనియన్ డిమాండే. ఆ లెక్క రాసేది నాలాంటి ఇంజనీర్లు. వాళ్ళు అడిగిన రోజు మనం ఎటు నిలబడతామన్నది క్యాంటీన్లో మాట్లాడుకోవాల్సిన విషయమే.