తాళ్ళు కట్టేదాకా

చిన్న విమానం నడపడం నేర్చుకోవాలన్న సరదా నాకు నలభై దాటాక పుట్టింది. మేముండేది కాన్సాస్‌లో, విచిటా దగ్గర. ఈ మైదానాల్లో గాలికి అడ్డూ ఆపూ లేదు. ఒక సాయంత్రం అడ్డగాలిలో సెస్నా 172ని దించాను. చక్రాలు నేల తాకగానే "అమ్మయ్య" అనుకుని చేతులూ కాళ్ళూ సడలించాను. అంతే! గాలివైపు రెక్క లేచింది, ముక్కు పక్కకు తిరిగింది, విమానం రన్‌వే అంచుకేసి పరుగెత్తింది. పక్కనున్న ఇన్‌స్ట్రక్టర్ అందుకోకపోతే ఏమయ్యేదో!

ఇంత తెలివితక్కువ పని నేనొక్కణ్ణే చేశానా అని పుస్తకాలు తిరగేస్తే, దీని వెనక పెద్ద చరిత్రే ఉందని తెలిసింది.

తొలి దశాబ్దాల్లో చాలా చిన్న విమానాలకు ముందు రెండు చక్రాలు, తోక కింద ఒక ఊతం ఉండేవి. విమానం బరువు ఆ రెండు చక్రాలకు వెనకగా పడేది. ఇల్లు మారేటప్పుడు కారుకు ట్రెయిలర్ తగిలించినవారికి ఇందులోని చిక్కు తెలుసు. ముందుకు లాగితే బుద్ధిగా వస్తుంది. రివర్స్ చేస్తే చిన్న వంకర క్షణంలో పెద్దదవుతుంది. అలాగే దిగాక ముక్కు కాస్త పక్కకు తిరిగితే చాలు, వెనకున్న బరువు ముందుకు తోసుకొచ్చి విమానాన్ని గిర్రున తిప్పేసేది. దీనికే గ్రౌండ్ లూప్ అని పేరు.

దీనికి మందు వెతికినవారిలో ముఖ్యుడు ఫ్రెడ్ వైక్ అనే ఇంజనీరు. ఆయన, సహోద్యోగులు కలిసి తీరిక వేళల్లో కట్టుకున్న విమానానికి మూడో చక్రాన్ని ముక్కు కింద పెట్టారు. బరువు ప్రధాన చక్రాలకు ముందుకు వచ్చింది. వంకర దానంతటదే సర్దుకునేది. 1937లో ఎగిరిన ఆయన ఎర్‌కూప్‌కైతే రడ్డర్ పెడళ్ళే లేవు! మా ఊరి సెస్నా కంపెనీ కూడా తోకచక్రపు 170కి ముక్కుచక్రం అమర్చి, 1956లో 172గా అమ్మింది. ఆ చక్రాల అమరికకు 'ల్యాండ్-ఓ-మాటిక్' అని పేరు పెట్టింది. ఇక దిగడం దానంతటదే జరిగిపోతుందన్నట్టు! ఆ 172లు నలభై నాలుగు వేలకు పైగా తయారయ్యాయి.

గ్రౌండ్ లూపులు తగ్గాయి కానీ, మందుతోపాటే కొత్త జబ్బూ వచ్చింది. ఎక్కువ వేగంతో దిగి, విమానాన్ని నేలకు అదిమిపెట్టాలని చూస్తే బరువంతా ముక్కుచక్రం మీద పడుతుంది. వెనక చక్రాలు తేలిపోతాయి. విమానం ఒంటిచక్రపు తోపుడుబండిలా ఆ చక్రం చుట్టూ తిరుగుతుంది. దీన్ని వీల్‌బరోయింగ్ అంటారు. దీని గురించి 1968లో ఎఫ్.ఏ.ఏ. ప్రత్యేకంగా హెచ్చరిక జారీ చేయవలసి వచ్చింది.

నా తప్పు ఈ రెండిటికన్నా పాతది. చక్రాలు నేల తాకినా రెక్కలకు ఆ సంగతి తెలియదు. గాలి వీస్తున్నంతసేపూ అవి తమ పని చేస్తూనే ఉంటాయి. ఎక్కడ ఎన్ని చక్రాలు పెట్టినా, దిగేశామన్న నిశ్చింతకు మాత్రం ఏ ఇంజనీరూ విరుగుడు కనిపెట్టలేదు.

"ఇంజన్ ఆపి, తాళ్ళు కట్టేదాకా ఎగురుతూనే ఉన్నావనుకో" అన్నాడు మా ఇన్‌స్ట్రక్టర్ ఆ సాయంత్రం. ఇప్పుడు అలాగే అనుకుంటున్నాను. ఆనాటి సంగతి మాత్రం మా ఆవిడకి ఇంతవరకూ చెప్పలేదు. ఈ సంచిక ఇంటికి రాగానే నా రెండో ల్యాండింగ్ మొదలవుతుంది.