నేలమాళిగలో పుట్టిన స్పీకర్

మా నాన్నగారి పాత స్పీకర్ల మీద "వార్ఫ్‌డేల్" అని ఉంటుంది. అది మా యార్క్‌షైర్‌లో ఒక లోయ పేరు. స్పీకర్‌కి ఆ పేరు ఎలా వచ్చింది?

గిల్బర్ట్ బ్రిగ్స్ గారు బట్టల వ్యాపారంలో ఉండేవారు. ఇంజనీరింగ్ చదువుకోలేదు. కానీ పియానో అంటే ప్రాణం. 1932లో ఇల్క్‌లీ ఊళ్లో, తన ఇంటి నేలమాళిగలో మొదటి స్పీకర్ చేశారు. నేలమాళిగ అంటే నేల కింద ఉండే గది. ఇల్క్‌లీ ఆ లోయలోనే ఉంది. అదీ పేరు కథ.

బ్రాడ్‌ఫర్డ్ రేడియో సొసైటీ పోటీలో మొదటి బహుమతి, రెండో బహుమతి రెండూ ఆయనకే వచ్చాయి. తను నేర్చుకున్నది 1948లో మామూలు మనుషుల కోసం పుస్తకంగా రాశారు. 1954లో లండన్ రాయల్ ఫెస్టివల్ హాల్‌లో అసలు వాయిద్యాన్నీ, దాని రికార్డింగునీ పక్కపక్కనే వినిపించారు. అంతమంది ముందు పరీక్ష! ఆ ధైర్యం నాకు నచ్చింది.

నేను కూడా బడిలో తెలుగు చదవలేదు. పోయిన నెల అమ్మమ్మ క్యాసెట్ ఆ స్పీకర్లలో పెట్టాను. చిన్నప్పుడు అది నాకు వట్టి శబ్దం. ఇప్పుడు సగం అర్థమైంది. "అన్నం తిన్నావా?" అని అడుగుతోంది. మిగతా సగం ఏమిటో అడుగుదామంటే అమ్మమ్మ లేదు. నేనే నేర్చుకోవాలి.