అవ్వ ఊదిన ఊపిరి, హుగ్లీ డాక్టరు రాసిన పుస్తకం



చిన్నప్పుడు కడుపునొప్పి అని ఏడిస్తే మన అవ్వలు ఏం చేసేవాళ్లు? పక్కన కూర్చుని, తల నుంచి కాళ్ల దాకా చేత్తో మెల్లగా నిమిరి, "ఉఫ్... ఉఫ్" అని ఊదేవాళ్లు. మధ్యలో గొంతులోంచి సన్నగా ఒక "ఊఁ...". అందులో మాటలుండవు. కాసేపటికి మన ఊపిరి అవ్వ ఊపిరితో కలిసిపోయేది, నిద్ర పట్టేసేది. హాస్టల్‌కి వచ్చాక ఈ సంగతి చెబితే తోటి పిల్లలు నవ్వారు. మనమూ సిగ్గుపడి చెప్పడం మానేశాం.

ఇలాంటి పనే ఒక తెల్ల డాక్టరు చేసి పుస్తకం రాశాడు. ఆయన జేమ్స్ ఎస్డేల్, స్కాట్లాండ్ వాడు, ఈస్టిండియా కంపెనీ సర్జన్. 1845 ఏప్రిల్ 4న బెంగాల్‌లోని హుగ్లీలో మాధవ్ కౌరా అనే ఖైదీకి వరిబీజం ఆపరేషన్ చేశాడు. మాధవ్ పందులు అమ్ముకుని బతికేవాడు. అప్పటికి మత్తుమందు ఇంకా రాలేదు. ఆ మనిషి నొప్పితో మెలికలు తిరుగుతుంటే, అంతకుముందు చదివి మాత్రమే తెలిసిన మెస్మెరిజాన్ని ఎస్డేల్ మొదటిసారి ప్రయత్నించాడు. నొప్పి తగ్గి ఖైదీ మత్తులోకి జారుకున్నాడు.

తర్వాత అదే ఆయన పద్ధతి అయింది. చీకటి గదిలో రోగిని పడుకోబెట్టాలి. ఒంటికి తగలకుండా చేతులు పైనుంచి కిందికి కదపాలి. తల మీద, కళ్ల మీద ఊపిరి వదలాలి. మాటలతో పని లేదు. గంటల తరబడి ఈ పని చేసింది ఎక్కువగా ఆయన ఆసుపత్రిలోని మన దేశపు సహాయకులే.

ఒక పేరున్న మంత్రగాణ్ణి కలిసిన సంగతి కూడా ఎస్డేల్ 1846 నాటి తన పుస్తకంలో రాశాడు. ఆ మంత్రగాడు ఇత్తడి పాత్రలో నీళ్లు, రెండు మూడు ఆకులున్న కొమ్మ అడిగాడు. గొణుగుతూ నీళ్లు చిలకరించి, ఆకులతో తల నుంచి కాలివేళ్ల దాకా దిగదుడిచాడు. వీళ్ల వల్ల మేలు జరుగుతోందంటే అది మెస్మెరిజమే, వీళ్లకే తెలియకపోవచ్చు అని డాక్టరు తేల్చేశాడు. చూశారా! పని మనవాళ్లది, పేరు పెట్టే అధికారం ఆయనది.

1846లో కలకత్తాలో ఆయనకు ఒక చిన్న ఆసుపత్రి కూడా ఇచ్చారు. ఈలోగా ఈథర్, 1847లో క్లోరోఫాం వచ్చాయి. నిమిషాల్లో మత్తు వస్తుంటే గంటలు ఊదేదెవరు? మెస్మెరిజం వెనకబడింది.

అసలు ఇది ఎలా పనిచేస్తుంది? ఒంట్లో ఏదో కనిపించని ద్రవం పారుతుందని మెస్మర్ అన్నాడు. 1784లో పారిస్‌లో వేసిన సంఘం పరీక్ష చేసి, అలాంటిదేమీ లేదు, రోగి ఊహే కారణం అంది. 1843లో జేమ్స్ బ్రెయిడ్ దీనికి హిప్నోటిజం అని పేరు పెట్టి, మనసు ఒకేచోట నిలవడమే అసలు సంగతి అన్నాడు. ఊపిరి నిదానంగా వదిలినప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది, భయం దిగుతుంది. భయం దిగితే నొప్పి తెలియడమూ తగ్గుతుంది. అందుకే జోల పాడే తల్లి "ఊఁ" అన్నా, ఇవాళ డాక్టరు రోగి ఊపిరికి తగ్గట్టు గొంతు తగ్గించి మాట్లాడినా పని జరుగుతుంది.

కానీ ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. ఊపిరి భయాన్ని దించుతుంది, విషాన్ని దించదు. కట్లపాము కాటుకి నొప్పి పెద్దగా ఉండదు, చాలా పాములకి విషమే ఉండదు. అందుకే మంత్రం పనిచేసినట్టు కనిపిస్తుంది. పాము కరిస్తే మొదట బండి కట్టించండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి. దారిలో అవ్వ పక్కన కూర్చుని ఊదితే ఊదనివ్వండి.

సిగ్గుపడాల్సింది లేదు, గుడ్డిగా నమ్మాల్సిందీ లేదు. ఈసారి సెలవులకి ఇంటికెళ్లినప్పుడు, మీ అవ్వ ఎలా ఊదుతుందో, ఏ శబ్దం చేస్తుందో అడిగి రాసుకోండి. మన సంగతి మనమే రాయకపోతే ఇంకొకరు వాళ్ల పేరుతో రాసుకుంటారు.

జై ఆదివాసీ!