కోడికత్తీ, పసిమనసూ

పాలకొల్లు పరిసరాల్లో సంక్రాంతి వచ్చిందంటే బరుల చుట్టూ పిల్లలు మూగుతారు. డేగ యేదో, కాకి యేదో, నెమలి యేదో రంగు చూసి చెప్పగలరు. పుంజు కాలికి కత్తి కట్టడం, నెత్తురు చిమ్మడం, పెద్దలు ఈలలు వెయ్యడం చూస్తారు. కనుమనాడు పశువును పూజించే యింటినుంచే బరికి వస్తారు. యీ పిల్లలు రేపు మనుషులమీద కత్తి యెత్తుతారా?

ప్రశ్న పాతదే. 1751లో లండన్ చిత్రకారుడు హోగార్త్ నాలుగు చిత్రాలు ప్రకటించాడు. మొదటిదాంట్లో కుక్కను హింసించిన కుర్రవాడు మూడోదాంట్లో హంతకుడౌతాడు. 1963లో అమెరికన్ మనోవైద్యుడు మెక్‌డొనాల్డ్ భావిహింసకు మూడు సూచనలు చెప్పి, జంతుహింసను వాటిలో చేర్చాడు. ఐతే 1999లో ఆర్లూక్ బృందం మసాచుసెట్స్‌లో జంతుహింసకు పాల్పడిన 153 మందిని అంతమంది యిరుగుపొరుగువారితో పోల్చి చూసింది. మొదటివారిలో యితర నేరాలు ఎక్కువే. కాని ముందు జంతువు, తర్వాత మనిషి అనే వరుస నిలవలేదు. రెండూ వొకే నేలలో మొలుస్తున్నాయన్నమాట.

ఆ నేల యేది? పల్నాటి కథలో నాగమ్మ, బ్రహ్మనాయుడుల కోడిపోరుకు రాజ్యమే పణం. ఓడినవారికి వలస, చివరకు కారెంపూడి రణరంగం. యుద్ధం తెచ్చింది పుంజులు కావు, అధికారదాహం. నేటి బరిలో ఆ స్థానం డబ్బుది. భూములున్నవాడికి ఓటమి వినోదం, కౌలురైతుకు అప్పు.

చట్టాలూ యీ తేడాను దాటలేదు. 1835లో బ్రిటిష్ పార్లమెంటు కోడిపందాలను నిషేధించింది. దొరల నక్కలవేట నిషేధానికి ఇంగ్లండులో 2004 చట్టం దాకా ఆగవలసివచ్చింది. మనకు 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం వుంది. 2016లో హైదరాబాదు హైకోర్టు పందాలను ఆపమన్నది. ఆ తర్వాతి సంక్రాంతులకూ బరులు వెలిశాయి. బలమున్నవాడు బాధపెట్టవచ్చుననేది పిల్లవాడు అక్కడ నేర్చే మొదటి పాఠం. డబ్బున్నవాణ్ణి చట్టం తాకదనేది రెండోది.

కనుక కుక్కపై రాయి విసిరిన పేదపిల్లవాణ్ణి రేపటి హంతకుడని ముద్రవేయడం శాస్త్రమూ కాదు, న్యాయమూ కాదు. యింట్లో దెబ్బలు తినే పిల్లల్లో యీ ప్రవర్తన ఎక్కువగా కనిపిస్తుందని పరిశోధకులు గమనించారు. ఉపాధ్యాయుడు ముందు అడగవలసింది, వాణ్ణి కొడుతున్నదెవరని. ఆ తర్వాత బరి కట్టించినవాణ్ణి నిలదియ్యాలి. యీ పని బడి వొక్కటే చెయ్యలేదు, వూరు కూడా కదలాలి.