ప్రజారోగ్య సమాచారం – గ్రంథాలయాలు (దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్)

రోగాలు, మందులు, ఆహారం, పరిశుభ్రత గురించి నమ్మదగిన సమాచారాన్ని సామాన్యులకు ఉచితంగా అందించడం పౌర గ్రంథాలయాల బాధ్యతల్లో ఒకటి. హైదరాబాద్ తూర్పు ప్రాంతాలైన దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్‌లకు ఈ సేవ కొత్త ఆలోచన కాదు. వైద్య విజ్ఞానాన్ని తెలుగులో చదివించాలన్న పట్టుదల నూరేళ్ల కిందట ఇదే నగరంలో, గ్రంథాలయోద్యమంతో పాటే మొదలైంది.

ఆరంభం

1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని గుర్తించాడు. దోమతెర కట్టుకోవలసిన ఇళ్లకు మాత్రం ఆ సంగతి వాళ్ల భాషలో చేరలేదు. 1901 సెప్టెంబరు 1న కొమర్రాజు వెంకట లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు తదితరులు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయమనే గ్రంథాలయాన్ని స్థాపించారు. 1906లో హైదరాబాద్‌లోనే విజ్ఞాన చంద్రికా మండలి ఏర్పడి శాస్త్ర గ్రంథాలను తెలుగులో వెలువరించసాగింది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి రాసిన ‘జీవశాస్త్రము’, ‘అంటువ్యాధులు’ ఈ కోవలోవే. సూక్ష్మజీవులంటే ఏమిటో, రోగం ఒకరి నుంచి ఒకరికి ఎలా పాకుతుందో, దాన్ని ఎలా అడ్డుకోవాలో ‘అంటువ్యాధులు’ వైద్యం చదవని వారికి వివరించింది.

1914లో బెజవాడలో తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది. ఉద్యమ సారథి అయ్యంకి వెంకట రమణయ్య ప్రకృతి వైద్యాన్ని కూడా జీవితాంతం ప్రచారం చేశారు. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపి, ప్రయాణికుల చేతికే పుస్తకం అందించారు.

చట్టం, పన్ను

1891లో మొదలైన ఆసఫియా గ్రంథాలయం అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంగా నిలిచింది. 1955 నాటి హైదరాబాద్ చట్టాన్నీ, 1948 నాటి మద్రాసు చట్టాన్నీ కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. దీని కింద ఆస్తిపన్ను ప్రతి రూపాయి మీద 8 పైసల గ్రంథాలయ పన్ను వసూలవుతుంది. అంటే ఆరోగ్య పుస్తకం అడిగే పాఠకుడు దాని ధరలో తన వంతు ముందే చెల్లించాడు.

తరవాతి పుస్తకాలు

1980లో ఏర్పడిన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రజారోగ్య సాహిత్యానికి కొత్త ఊపిరి పోసింది. స్త్రీశక్తి సంఘటన సభ్యులు రూపొందించిన ‘సవాలక్ష సందేహాలు’ 1991లో వెలువడింది. నెలసరి, గర్భం, కాన్పు వంటి విషయాల్లో ఆడవాళ్లు డాక్టరును అడగడానికే మొహమాటపడే ప్రశ్నలకు అది సూటిగా జవాబిచ్చింది.

దిల్‌సుఖ్‌నగర్–ఎల్బీనగర్

ఎల్బీనగర్ పురపాలక సంఘం 2007లో జీహెచ్‌ఎంసీలో కలిసింది. కోచింగ్ సెంటర్లు, నెలవారీ అద్దె తీసుకునే స్టడీ హాళ్లు దిల్‌సుఖ్‌నగర్‌కు గుర్తింపుగా మారాయి. నగర గ్రంథాలయాల్లోనూ ఎక్కువ కుర్చీలు పోటీ పరీక్షల అభ్యర్థులవే. పొద్దున్నే పేపరు కోసం వచ్చే పెద్దవాళ్లు దినపత్రికల ఆరోగ్య పేజీలను వదలకుండా చదువుతారు.

2018 సెప్టెంబరులో ఎల్బీనగర్ దాకా మెట్రో వచ్చాక పెద్ద గ్రంథాలయాలకు దారి సులువైంది. ఎంజీబీఎస్ స్టేషన్‌లో ఆకుపచ్చ లైనుకు మారితే సుల్తాన్‌బజార్ మీదుగా, నగర కేంద్ర గ్రంథాలయం ఉన్న చిక్కడపల్లి చేరవచ్చు. 2022 ఏప్రిల్‌లో ఇదే ప్రాంతంలో, కొత్తపేటలోని పాత గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ స్థలంలో టిమ్స్ ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. ఇంత పెద్ద ఆసుపత్రి వచ్చే చోట, డాక్టరు చీటీలోని మాటలకు అర్థం వెతుక్కునే పాఠకులూ పెరుగుతారు.

గ్రంథపాలకుల పని

డ్యూయీ వర్గీకరణలో వైద్యం 610 వరుసలో, వ్యక్తిగత ఆరోగ్యం 613లో, వ్యాధులు 616లో, వంట 641లో ఉంటాయి. షుగర్ గురించి అడిగిన పాఠకురాలికి కావలసింది ఈ మూడు నాలుగు అరల్లో చెల్లాచెదురుగా ఉంటుంది. ఆ పుస్తకాలను ఒకచోటికి చేర్చి చూపడం గ్రంథపాలకుల నేర్పు. పాతబడిన వాటిని తీసేయడం కూడా అంతే ముఖ్యం. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయుల ఆహార మార్గదర్శకాలను సవరించింది. పాత ప్రతే అరలో మిగిలితే పాఠకులకు అందేది నిన్నటి సలహా.

రోగ నిర్ధారణ, మందు సూచన గ్రంథపాలకుల పరిధిలోకి రావు. ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఏ ఆధారంతో రాశారు అని చూసి చదవడం మాత్రం వాళ్లు నేర్పగలరు. వాట్సాప్‌లో వచ్చిన చిట్కానూ ఇదే పరీక్షకు పెట్టవచ్చు. ఇక్కడి ప్రతి శాఖా గ్రంథాలయంలో తెలుగు, ఉర్దూ ఆరోగ్య పుస్తకాలకు ఒక ప్రత్యేక అర, వాటిని ఏటా సరిచూసే గ్రంథపాలకులు ఉండి తీరాలి. విజ్ఞాన చంద్రికా మండలి మొదలుపెట్టిన పని పూర్తికావడానికి కావలసింది అదే.