తడి చెత్తకు మంటా, తొట్టా? నగర వ్యర్థాల నుంచి ఇంధనం తీసిన చరిత్ర

కుళ్లే పదార్థం నుంచి మండే వాయువు పుడుతుందని 1776లో ఇటలీ శాస్త్రవేత్త అలెస్సాండ్రో వోల్టా చూపాడు. మజోరె సరస్సు అడుగు బురదను కర్రతో కదిపి, పైకి తేలిన బుడగలను పట్టి వెలిగించాడు. ఆ వాయువే మీథేన్. 1895లో ఇంగ్లండులోని ఎక్సెటర్‌లో మురుగు తొట్టి నుంచి తీసిన వాయువుతో వీధి దీపాలు వెలిగాయి. మరో రెండేళ్లకు బొంబాయిలోని మాతుంగా కుష్ఠురోగుల ఆశ్రమంలో మలవ్యర్థాల తొట్టికి వాయువును పట్టే ఏర్పాటు జరిగింది. అంటే మన దేశంలోనూ ఈ విద్య తొలి అడుగులు పడింది నగరంలోనే.

కానీ అది వేళ్లూనుకున్నది పల్లెలో, పేడతో. 1939లో ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధన సంస్థలో ఎస్.వి. దేశాయ్ పేడ నుంచి వాయువు తీసే ప్రయోగాలు చేశారు. 1951లో జశ్‌భాయ్ పటేల్ ‘గ్రామలక్ష్మి’ నమూనాను రూపొందించారు. అందులో తొట్టి మీద బోర్లించిన ఇనుప డ్రమ్ము గ్యాస్ నిండేకొద్దీ పైకి తేలుతుంది. ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ ఈ తరహా తొట్టిని ఊరూరా పరిచయం చేసింది. 1981-82లో జాతీయ బయోగ్యాస్ పథకం మొదలైంది. 1984లో వచ్చిన ‘దీనబంధు’ నమూనా ఇనుప డ్రమ్ము బదులు ఇటుక డోముతో ఖర్చు తగ్గించింది. తెలుగు పల్లెల్లో దీనికి స్థిరపడిన పేరు గోబర్ గ్యాస్.

పేడకు ఒక సౌలభ్యం ఉంది. పశువు కడుపులో అది అప్పటికే సగం జీర్ణమై, కావలసిన సూక్ష్మజీవులతో సహా బయటికి వస్తుంది. నగరపు చెత్త అలా కాదు. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నంతో పాటు అందులో ప్లాస్టిక్ సంచులు, గాజు పెంకులు, ఇసుక కలిసి ఉంటాయి. గాలి చొరని తొట్టిలో ఒక రకం సూక్ష్మజీవులు పదార్థాన్ని ఆమ్లాలుగా విడగొడితే, మరో రకం ఆ ఆమ్లాల నుంచి మీథేన్ తయారుచేస్తాయి. మొదటివి చురుకైనవి, రెండోవి నిదానమైనవి. తేలిగ్గా పులిసే వంటింటి వ్యర్థం ఒక్కసారిగా వచ్చి పడితే ఆమ్లం పేరుకుని గ్యాస్ ఆగిపోతుంది. ప్లాస్టిక్, ఇసుక చేరితే పంపులు, గొట్టాలు మూసుకుపోతాయి.

ఈ చిక్కుల్లో పడకుండా చెత్తను నేరుగా తగలబెట్టే ప్రయత్నం 1987లో ఢిల్లీలోని తిమార్‌పూర్‌లో జరిగింది. రోజుకు 300 టన్నుల చెత్తతో 3.75 మెగావాట్ల విద్యుత్తు తీయాలని అక్కడ ప్లాంటు కట్టారు. తడి, మట్టి నిండిన చెత్త సరిగా మండక అది కొద్ది రోజులకే మూతపడింది. 2003 ప్రాంతంలో షాద్‌నగర్ దగ్గర 6.6 మెగావాట్లు, విజయవాడలో 6 మెగావాట్ల కేంద్రాలు వచ్చాయి. చెత్తను ఎండబెట్టి, ఇంధనంగా మలచి, పంట వ్యర్థాలు కలిపి మండించడం వాటి పద్ధతి. అవీ ఎక్కువ కాలం నిలవలేదు. అదే కాలంలో లక్నోలో 5 మెగావాట్ల బయోగ్యాస్ కేంద్రం కట్టారు. అక్కడ ఎంచుకున్న పద్ధతి తడి చెత్తకు తగినదే అయినా, వేరుచేయని చెత్త రావడంతో అదీ ఆగిపోయింది. లోపం మంటదీ కాదు, తొట్టిదీ కాదు, వాటికి అందిన కలగాపులగపు చెత్తది.

అందుకే తర్వాతి ప్రయత్నాలు చెత్త ముందే విడిగా దొరికే చోట్ల వైపు మళ్లాయి. చెన్నై కోయంబేడు మార్కెట్‌లో కూరగాయల వ్యర్థాలతో, విజయవాడలో కూరగాయల మార్కెట్, కబేళా వ్యర్థాలతో బయోగ్యాస్ ప్లాంట్లు వచ్చాయి. భాభా అణు పరిశోధన కేంద్రంలో శరద్ కాలే ‘నిసర్గ్‌రుణ’ను రూపొందించారు. ఇందులో చెత్తను రుబ్బి, ముందు గాలి తగిలే వెచ్చని తొట్టిలో కరిగించి, ఆ తర్వాతే గాలి చొరని తొట్టిలోకి పంపుతారు. ఆమ్లం పుట్టే దశకు, గ్యాస్ పుట్టే దశకు వేర్వేరు తొట్లు ఇవ్వడమే ఇందులోని కిటుకు.

హైదరాబాద్ బోయినపల్లి కూరగాయల మార్కెట్‌లోని ప్లాంటు ఈ వరుసలోదే. తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ పరిజ్ఞానంతో దాన్ని నిర్మించారు. రోజుకు దాదాపు 10 టన్నుల వ్యర్థం నుంచి సుమారు 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల వంట ఇంధనం వస్తాయి. కరెంటు మార్కెట్ దీపాలకు, దుకాణాలకు, నీటి సరఫరాకు వాడితే, గ్యాస్ క్యాంటీన్ పొయ్యికి చేరుతుంది. 2021 జనవరిలో ప్రధాని రేడియో ప్రసంగంలో ఈ మార్కెట్ ప్రస్తావన వచ్చింది.

2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు తడి, పొడి, హానికర చెత్తను ఇంట్లోనే వేరుచేయాలన్నాయి. మళ్లీ వాడుకోలేని చెత్తలో కిలోకు 1,500 కిలోక్యాలరీలు, అంతకు మించి వేడినిచ్చేదాన్ని పూడ్చకుండా ఇంధనానికే వాడాలన్నాయి. దీంతో పొడి చెత్తకు మంట, తడి చెత్తకు తొట్టి అనే విభజన ఏర్పడింది. మొదటి దారిలో 2020లో హైదరాబాద్ జవహర్‌నగర్‌లో 19.8 మెగావాట్ల కేంద్రం పనిలోకి వచ్చింది. రెండో దారిలో 2022 ఫిబ్రవరిలో ఇందౌర్‌లో రోజుకు 550 టన్నుల సామర్థ్యంతో బయోగ్యాస్ కేంద్రం ప్రారంభమైంది. రోజుకు 17,000 కిలోల వాహన ఇంధనం, 100 టన్నుల సేంద్రియ ఎరువు దాని లక్ష్యం. ఆ ఇంధనంతో సిటీ బస్సులు నడుస్తున్నాయి. ఆ కేంద్రం కట్టేనాటికే ఇందౌర్ ఇళ్లలో తడి చెత్తను విడిగా ఇచ్చే అలవాటు స్థిరపడింది.